ఎలుకల సంచి సంగతి

ముతాజ్, ఈ చీటీ చివరిదాకా చదివేవరకు వంటింట్లో దేన్నీ ముట్టుకోకు. మా రీతాల్‌కి తెల్లవారేసరికి ఒళ్ళు కాలిపోతోంది, విరేచనంలో నెత్తురు జీర కనిపించింది. నేనూ మీ బావా దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. ఫోన్ చేస్తే డాక్టరమ్మ ముందు అడిగింది ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా అని. మా తమ్ముడి పాము ఉంది, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన ఎలుకల్ని కరిగించి పెడతాడన్నాను. "వాటిని ఎక్కడ కరిగిస్తారు?" అంది. మొన్న నువ్వు కరిగించింది పాప పెరుగు తినే గిన్నెలోనే కదా!

గడ్డకట్టించినా ఎలుకల్లో క్రిములు చావవట. ఆ ఎలుకల సంచిని ఫ్రీజర్‌లో మాంసం పక్కనుంచి తీసి, గట్టిగా మూట కట్టి, మేడ మీది పాత ఫ్రీజర్‌లో పెట్టు. పారెయ్యకు, పరీక్షకి అడుగుతారేమో. గిన్నె మాత్రం పారెయ్యి. సింకునీ గట్టునీ బ్లీచింగ్ నీళ్ళతో కడుగు. చేతులు సబ్బుతో తోముకో, "నీళ్ళతో కడిగానక్కా" అంటే ఊరుకోను. ఆకలేస్తే కింద ఉమ్ గైస్ పిన్ని దగ్గర తిను, నీకు అన్నం ఉంచమని చెప్పాను.

బతికున్న ఎలుకైతే పాముని కరుస్తుందని, చచ్చినవే తెచ్చావు. పాము గురించి అంత ఆలోచించినవాడివి, పిల్ల గురించి ఒక్కసారి ఆలోచించలేకపోయావా?

బావ కింద హారన్ కొడుతున్నారు. రీతాల్ నా భుజం మీద వాలిపోయి, "మామయ్య పాముకీ కడుపునొప్పా?" అంటోంది. లేదన్నాను. "అయితే మామయ్యని తిట్టకు" అంది. ఇక తిట్టనులే. చేతులు కడుక్కుని త్వరగా ఆస్పత్రికి రా, నిన్నే అడుగుతోంది.