ఎర్ర సిరా పడని ఉత్తరం

బ్రిస్బేన్,
12 ఏప్రిల్ 2007

పూజ్యులైన తాతయ్య గారికి,

మీరు కులాసాగా ఉన్నారని అమ్మ చెప్పిన మాటనే పట్టుకుని, మీ మనవరాలు అనీషా వందనాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. ఎండలు తగ్గుముఖం పట్టాయి. యూనివర్సిటీకి నదిలో పడవ మీద వెళ్తున్నాను. బస్సు వెనక పరుగెత్తి ఎక్కడ పడతానోనన్న బెంగ మీకిక అక్కర్లేదు.

ముందు మీకు కోపం తెప్పించే వార్త. ఎనభై అయిదులో రద్దయిన మన శాసన మండలి ఈమధ్యే మళ్ళీ కొలువుదీరిందని నెట్‌లో చదివాను. టీచర్ల తరఫున గెలిచినవాళ్ళు కూడా ఉన్నారు. అప్పట్లో మీరు గెలిచిందీ అలాగే కదా. తాతయ్య టీవీలో చూసి ఊరికే నవ్వి ఊరుకున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. ఇరవై రెండేళ్ళుగా ఆ మాటెత్తితే చాలు, అన్నం సగంలో వదిలేసి కంచంలో చెయ్యి కడుక్కునే మనిషి ఊరికే నవ్వి ఊరుకున్నారట.

ఫెలోషిప్ అంటే డబ్బులిచ్చి మరీ చదివించడమా అని నేను బయల్దేరేటప్పుడు మీరు ఆశ్చర్యపోయారు. అంతే అనుకోండి. నాది రాష్ట్రాల రాజ్యాంగాల మీద పరిశోధన. ఇక్కడ దేశానికే కాదు, ఒక్కో రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంది. ఈ క్వీన్స్‌లాండ్‌కి ఒకప్పుడు మన మండలిలాంటి పై సభ ఉండేది. దాన్ని తీసేద్దామా అని జనాన్ని ఓటడిగితే వద్దన్నారు. ప్రభుత్వం ఊరుకోలేదు, తనవాళ్ళను తెచ్చి ఆ సభ నింపింది. వాళ్ళు మా సభ మాకొద్దని ఓటేసి ఇళ్ళకు పోయారు. వాళ్ళకు ఆత్మహత్యల దళం అని పేరు.

సభ పోయింది గానీ, గది పోలేదు. పార్లమెంటు భవనంలో ఆ ఎర్ర తివాచీ, ఆ బరువైన కుర్చీలు తుడిచి తుడిచి అలాగే ఉంచారు. ఫిబ్రవరి ఇరవయ్యో తారీకున మొదటిసారి వెళ్ళాను. కాసేపు లోపల కూర్చుని రాసుకోనిచ్చారు. మధ్యాహ్నం, కిటికీల నిండా వెలుతురు. వెనకనుంచి దగ్గు వినిపించింది. ఆదివారం గుళ్ళో ప్రార్థన మధ్యలో మీరు సగం మింగేస్తారే, ఆ దగ్గు. దాని వెనకే అమృతాంజనం వాసన. తిరిగి చూస్తే ఖాళీ కుర్చీలు. భయం వెయ్యలేదంటే అబద్ధం. అప్పట్నుంచి ఎప్పుడు వెళ్ళినా ఆ వరుస చివరి కుర్చీ వైపు చూడకుండా ఉండలేకపోతున్నాను. కాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని మీరెక్కడైనా చివరి కుర్చీలోనేగా కూర్చునేది.

నేనుంటున్న ఇంటి జాక్లిన్ ఆంటీకి ఈ సంగతి చెప్పాను. మన కాకినాడ ఆవిడే, ఇక్కడ నర్సు. యూ నీడ్ స్లీప్ నాన్నా, ఆ థీసిస్ రెండ్రోజులు పక్కన పడెయ్ అని మొహం తిప్పుకుని స్టవ్ తుడవడం మొదలెట్టింది. అది అప్పుడే తుడిచిన స్టవ్వు. రోజూ భోజనం ముందు ప్రార్థనలో, బాపట్లలో ఉన్న మా ఎలియాజర్ మాస్టారికి మంచి ఆరోగ్యమివ్వు ప్రభువా అనేది ఆంటీ. ఈమధ్య మీ పేరు ఎత్తడం లేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

నా ఉత్తరాలు కూడా తిరిగి రావడం లేదు తాతయ్యా. మనవరాలు రాసిన ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది, చివర మార్కులేసి, మళ్ళీ ఆమెకే పోస్టు చేసే తాత నాకు తప్ప ఇంకెవరికీ ఉండరు. పదికి ఆరు దాటి ఏనాడూ వెయ్యలేదు మీరు. ఇప్పుడు మీ చెయ్యి వణుకుతోందట, ఉత్తరాలు అమ్మే చదివి వినిపిస్తోందట. ఎప్పుడు ఫోన్ చేసినా మీరు నిద్రలోనే ఉంటున్నారు.

నా ఆఖరి అధ్యాయం ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. మిమ్మల్ని ఎవరూ అడగలేదనే కదా మీ బాధంతా. శాసనసభ తీర్మానించింది, ఢిల్లీలో చట్టం చేశారు, మీ మండలిని మాటమాత్రం అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు మీరు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చునేవారని అమ్మ చెబుతుంది. అడిగి ఉంటే ఏమనేవారు? కాదంటారని ముందే తెలిసినా అడిగి తీరాలా? జవాబు మీ నోటినుంచే కావాలి నాకు. ఒక్కసారి ఫోన్ దగ్గరికి రండి. తిట్టినా సరే. మీ గొంతు వినకుండా ఇక్కడ ఉండలేకపోతున్నాను.

మీరు వేసే మార్కుల కోసం చూస్తూ,
అనీషా

తా.క. అమ్మా, ఇది నీకు. కిందటి ఉత్తరంలో, మన మండలి తనంతట తానే ఓటేసుకుని రద్దయిపోయిందని కావాలనే తప్పు రాశాను. అది వింటే తాతయ్య మంచం దిగి వచ్చి, వణికే చేత్తోనే కాగితం చిరిగేలా కొట్టేసేవారు. నువ్వేమో, తాతయ్య విని, పిల్ల ఎంత బాగా రాసిందో అని మురిసిపోయారని జవాబు రాశావు. అప్పుడే తెలిసిపోయింది నాకు. జాక్లిన్ ఆంటీ దగ్గర నువ్వే మాట తీసుకుని ఉంటావు. పాపం, ఆవిడ నా దగ్గర దాచగలిగింది గానీ, లేని మనిషికి ఆరోగ్యమివ్వమని దేవుణ్ణి అడగలేకపోయింది.

పిల్ల చదువు పాడవుతుందని మీరంతా కూర్చుని తీర్మానం చేసుకుని ఉంటారు. వస్తావా, ఉంటావా అని నన్నెవరూ అడగలేదు. అడిగితే వచ్చేస్తాననే కదా. నాకు చాలా కోపంగా ఉంది. మీ నాన్నని పోగొట్టుకుని, ఆయన నవ్వినట్టూ మురిసినట్టూ నాకు చెబుతూ కూర్చున్న నిన్ను తలుచుకుంటే మాత్రం ఏడుపు ఆగడం లేదు. ఫోన్లో అడగబోతే గబగబా పెట్టేస్తున్నావు, అందుకే ఇలా రాస్తున్నాను. ఇది అందగానే ఫోన్ చెయ్యి. నిద్రపోతున్నారని మాత్రం అనకు. ఆఖర్న ఏమన్నారో చెప్పు. ఫిబ్రవరి ఇరవై మధ్యాహ్నమేనా, అదీ చెప్పు.