నీలం మూత పెట్టెలు

వయోమింగ్ రాష్ట్రం, డ్రై ఫోర్క్ ఊరి బయట కాపురముంటున్న లొరీన్ హాస్కెట్ అనే నేను, డెబ్బై ఒకటో ఏట, మతి చక్కగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నా భర్త మెర్ల్ చెబుతుంటే రాసిన పాత వీలునామా ఇందుమూలంగా రద్దు. ఈసారి ఎవరూ చెప్పడం లేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా తమ్ముడి కూతురు కాలీ డ్రమ్మండ్‌ది.

1. ఇల్లు, వెనకున్న నలభై ఎకరాల గడ్డినేల, పికప్ బండి కాలీకి చెందుతాయి. బండి రివర్స్ గేరు మొండిది. గట్టిగా తిడితే పడుతుంది.

2. మెర్ల్ గెలిచిన తొమ్మిది వెండి కప్పులు షూటింగ్ క్లబ్బుకు. వెయ్యి గజాల పోటీలకు ఇరవై ఆరేళ్ళు ఇద్దరం కలిసి వెళ్ళాం, ఒకే కొలత రైఫిళ్ళతో. రెండింటికీ తూటాలు ఇంట్లో ఆయనే నింపేవాడు, కాల్చేసిన ఇత్తడి గొట్టాల్లో మళ్ళీ మందు పోసి, కొత్త గుండు బిగించి. ఆయనవి పచ్చ మూత పెట్టెల్లో, నావి నీలం మూత పెట్టెల్లో. కలిసిపోకుండా ఉండటానికి అన్నాడు. తూటాలో మందు ఎక్కువైతే తుపాకీ మొహం మీదే పేలుతుంది గనక, ఒకరు నింపిన తూటా ఇంకొకరు కాల్చకూడదన్నది మా క్లబ్బు మొదటి నియమం. భార్యలకు మాత్రం ఆ నియమం ఎవరూ చెప్పలేదు.

3. తూటాలు నింపే బల్ల, దాని మీది మర, త్రాసు నా మరిది వెండెల్‌కు. నాలుగేళ్ళ క్రితం మెర్ల్‌ను పూడ్చిన రోజు, సమాధి దగ్గరే వెండెల్ అన్నాడు: "ఇంకేముంది వదినా, అన్నయ్య లేడు, నీకు తూటాలెవరు నింపుతారు? ఊలు అల్లుకో."

నీలం పెట్టెలు అయిపోయాక నిజంగానే ఊలు కొనడానికి కొట్టుకెళ్ళి, కంపెనీ తూటాలు కొనుక్కొచ్చాను. మెర్ల్ వాటిని బజారు సరుకని గడప తొక్కనిచ్చేవాడు కాదు. దొంగసొత్తులా సంచిలో దాచుకుని మైదానానికి వెళ్ళాను. ఇరవై తూటాలకు, రెండు వందలకు గాను నూట తొంభై ఏడు వచ్చాయి. అంతకు ముందు నా జన్మలో నూట ఎనభై ఆరు దాటలేదు. పక్కన బోర్లా పడుకుని దుర్భిణీలో చూస్తున్న కాలీ, "అత్తా, నీ చెయ్యి బండలా ఉంది గదా! వణుకుతుందని ఎవరన్నారు నీకు?" అంది.

ఎవరన్నారో నాకు తెలుసు. ఇంటికొచ్చి ఆయన నోటు పుస్తకాలు తీశాను. నింపిన ప్రతి తూటానూ తిప్పి చూసి, తూచి, రాసుకునేవాడు. మొన వంకరపోయినవి, మందు తూకం కుదరనివి, గొట్టం అరిగిపోయినవి విడిగా ఏరి, వాటి పక్కన ఒకటే మాట రాశాడు: నీలం. ఇరవై ఆరేళ్ళు, తేదీలతో సహా.

ఆ పుస్తకాలూ వెండెల్‌కే. అవి చదివాకే త్రాసు ముట్టుకోవాలి.

4. పోటీ అయిన ప్రతి సాయంత్రం, రైఫిల్ తన్నుకు కమిలిన నా భుజానికి మెర్ల్ లేపనం రాసేవాడు. "చెయ్యి వణుకుతుందే లొరీన్, ఏం చేస్తాం. అందరికీ అబ్బదులే," అనేవాడు. ఎంత మెత్తగా రాసేవాడో! నేను ఆ చేతిని ముద్దు పెట్టుకునేదాన్ని. కప్పుల సంగతి క్షమించగలనేమో గానీ, ఇది క్షమించలేను. ఆ లేపనం సీసా సగం మిగిలి ఉంది. పారేయండి.

5. నా రైఫిల్, నేను కుట్టుకున్న మోచేతి మెత్త కాలీకి. షరతు ఒకటే. అమ్మా కాలీ, తూటాలు కొట్లో కొనుక్కో, లేదా నీ చేత్తో నువ్వే నింపుకో. నీ మీద ప్రాణం పెట్టుకున్నవాడైనా సరే, నింపి ఇస్తానంటే వద్దను. పోయిన చలికాలం నేనూ నింపడం నేర్చుకున్నాను. బల్ల సొరుగులో నావి ఇరవై ఉన్నాయి. అవి నీకు కూడా ఇవ్వను, నియమం నియమమే. క్లబ్బులో విప్పించెయ్.

6. నన్ను మెర్ల్ పక్కనే పూడ్చండి, స్థలం ఎప్పుడో కొన్నదే. రాతి మీద నా పేరు, దాని కింద 197 అని చెక్కించండి. ఇంకే మాటా వద్దు. ఆయన చదువుకుంటూ ఉండనీ.

సాక్షులకు ఒక మనవి. నేను సంతకం పెట్టేటప్పుడు నా చేతిని చూడండి. చూసింది రాయండి.

తేదీ: 14 అక్టోబర్ 2019
(సంతకం) లొరీన్ హాస్కెట్

సాక్షులు:

1. ఆర్డెన్ ప్రూయిట్, క్లబ్బులో గురి లెక్కలు రాసేవాడు. ఆమె నా ఎదుటే సంతకం చేశారు. చెయ్యి వణకలేదు.

2. బెర్నైస్ కోల్, తపాలా ఉద్యోగిని. నేనూ చూశాను. వణకలేదు.