అమ్మ తవ్విన తేగలు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్

తవిటన్నయ్యా, అమ్మ కులాసాగా చేరింది. వస్తూనే నా నౌకరీ మీదికి తెచ్చింది.

నిమ్‌పురా యార్డు పక్కన, రైలు కట్టల వెంట నాటడానికని తాటి టెంకలు వరసలుగా పాతి మొలిపిస్తున్నారు. నేను డ్యూటీలో ఉండగా అమ్మ వాటిని తేగల పాతర అనుకుని, గునపంతో మొత్తం తవ్వి, తంపటి వేసి కాల్చి, మా క్వార్టర్ల లైనంతా పంచేసింది. ఆ మొక్కల అజమాయిషీ చూసే రైల్వే తోటబాబు వచ్చి, ఖాళీ గోతుల పక్కన కూలబడ్డాడు.

"ఇన్నేసి తేగలు తినకండా సెట్లైపోనిస్తారేటి బాబూ, మతి పోనాదా" అని అమ్మ ఆయన్నే కసిరి, చేతిలో ఒక తేగ పెట్టింది.

మళ్లీ పాతకపోతే నా నౌకరీ ఉండదు. ఈ ఏడు మన పాతర తవ్వుకోకండి. మొలకలు విరగకుండా గోనెల్లో సర్ది పార్సిల్ చెయ్యి. గేదె ఈనిందా? వదినకు నమస్కారం, పిల్లలకు దీవెనలు.

పార్సిల్ మీద నా పేరే రాయి. గోనెలు వస్తాయని విని అమ్మ అప్పుడే తంపటి కుండ కడిగి సిద్ధంగా పెట్టింది.

నీ తమ్ముడు జగ్గారావు