పాటలో నింద

అక్కా,

సోమవారం కోవూరు వాళ్ళు నన్ను చూడడానికి వస్తున్నారని నాన్న నీకు చెప్పే ఉంటాడు. దానికి ముందే నువ్వొకసారి మైపాడు రావాలి.

కామమ్మత్త కొడుకు వినోద్ గుజరాత్ పడవల్లో పనిచేసి వచ్చాడు. ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఫోన్లో హిందీ పాటలు పెడతాడు. ఆ పాటల్లో ఆడగొంతు ‘నీంద్’ అన్నప్పుడల్లా నింద అనుకున్నాను. ప్రేమించినందుకు ఊరు ఆమెను నిందిస్తోందని జాలిపడ్డాను. మొన్న అడిగేశాను.

“ఇన్ని నిందలు పడి కూడా అంత సంతోషంగా ఎట్టా పాడతాది?”

అతను పడీపడీ నవ్వాడు.

“నింద కాదు, నిద్ర! ఆయమ్మికి నిద్ర పట్టడంలేదంట. నీకు పడతా ఉందా?”

గబగబా ఇంటికొచ్చేశాను.

నాన్న నీ మాట వింటాడు. ఆదివారమే రా అక్కా. నాకూ నిద్ర పట్టడం లేదని అతనికింకా చెప్పలేదు. ముందు నీకే రాస్తున్నాను.

నీ చెల్లెలు