మోడ్ త్రీ అని అడుగమ్మా

ఉదయగిరి,
ఆదివారం

అమ్మకు డేవిడ్‌రాజు నమస్కారాలు.

ప్రభువు దయవల్ల అవ్వా నేనూ ప్రాణాలతో ఉన్నాం. క్షేమం అని రాయాలి. నాకు ఆ మాట రావడం లేదు, ఎందుకో కింద చెబుతాను. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మీ మేడమ్ ఇంకా మూడంతస్తుల మెట్లూ నీతోనే కడిగిస్తోందా?

శీనమ్మత్త తెచ్చిన నీ ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. ఆమె మళ్లీ కువైట్ బయల్దేరుతోంది, ఇది ఆమె చేతికే ఇస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు ఏడిస్తే నేను పెట్టేస్తాను, సగం మాట మిగిలిపోతుంది. కాగితం అయితే నువ్వు ఏడ్చినా చివరిదాకా చదవాలి.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అవ్వ బీపీ మాత్రలు వేసుకుంటోంది, నేను ఎదురుగా నిలబడితేనే. వంటింటి రేకు మార్పించాను. చర్చికి పోతున్నావా అని అడిగావు. పోవడం లేదు. పాస్టరు గారు మైకులో నా పేరు చెప్పి, "ఈ బిడ్డ మనసును విమానాల మీద నుంచి తిప్పు తండ్రీ" అని ప్రార్థన చేశాడు. అందరూ ఆమెన్ అన్నారు. అవ్వ అందరికంటే గట్టిగా అనింది. అప్పటి నుంచి పోలేదు.

ఇక నేను ఎగరేసే బొమ్మ విమానం రిమోట్ సంగతి. ఏది కొనాలో వివరంగా రాయమన్నావు. మీ ఇంటి డ్రైవరు కోటేశ్వర్ అన్న నిన్ను అంగడికి తీసుకుపోతానన్నాడని, టచ్ స్క్రీన్ ఉన్నదే మంచిదని చెప్పాడని రాశావు. కోటేశ్వర్ అన్నకు కారు తెలుసు, విమానం తెలియదు. విమానం ఎగిరేటప్పుడు కళ్లు ఆకాశంలో ఉంటాయి, స్క్రీన్ ఎవడు చూస్తాడు? రంగు చూసి కొనవద్దు. ఆరు చానళ్లు చాలు. దాంతోపాటు విమానంలో పెట్టే రిసీవర్ కూడా పెట్టెలో ఉండాలి. సిగ్నల్ తెగిపోతే ఫ్యాన్ దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. ఈ మాట మాత్రం గట్టిగా అడుగు. మామూలు సెల్స్‌తో నడిచేది తీసుకో, పెద్ద బ్యాటరీ ఉన్నదైతే ఎయిర్‌పోర్టులో శీనమ్మత్తను ఆపుతారు.

ఇదంతా ముందే రాసి పెట్టుకున్నాను. ఆగింది ఒక్కదాని దగ్గర. రిమోట్‌కు రెండు స్టిక్కులు ఉంటాయి. ఫ్యాన్ స్పీడు పెంచేది ఒకటి. దాన్ని ఎక్కడ వదిలితే అక్కడే నిలబడుతుంది, దానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. విమానాన్ని పైకీ కిందకీ పక్కలకీ తిప్పేది రెండోది. దానికి స్ప్రింగు ఉంటుంది, వదిలితే మధ్యకు వచ్చేస్తుంది. బొటనవేలితో వెంట్రుకంత కదిలించాలి, ఒక్క క్షణం కూడా వదలకూడదు. మన దగ్గర అందరూ వాడే మోడ్ టూలో ఈ రెండోది కుడి చేతి వైపు ఉంటుంది. మోడ్ టూ అని రాసేస్తే సరిపోయేది, నువ్వు ఏమీ అడిగేదానివి కాదు. ఆ మాట రాసి ఆ కాగితం చించేశాను.

అమ్మా, నాకు కుడి చేతి బొటనవేలు లేదు.

అవ్వ నీకు ఫోన్‌లో, విమానం ఫ్యాన్ తగిలి వేలు గీరుకుందని చెప్పింది. నువ్వు కూడా "ఆ ఆట మీద జాగ్రత్త నాయనా" అని రాశావు. గీరుకోలేదు, మొదలంటా పోయింది. వీడియోలో నేను ఆ చెయ్యి ఒళ్లో దాచుకుని నీతో మాట్లాడుతూ వచ్చాను. ఈ ఉత్తరం ఎడమ చేత్తో రోజుకు కొంచెం రాస్తున్నాను.

విమానం దాన్ని తాకలేదు. ఆత్మకూరులో మా సామిల్లు రంపం కోసింది. ఆ రంపం మీద ఇనప మూత ఉండేది. మూత ఉంటే లావు దుంగలు పట్టవు, పని నిదానమవుతుందని ఓనరు ఆదినారాయణ తీయించి మూల పడేయించాడు. తడి వేపదుంగ తోస్తుంటే కర్రలో ముడి తగిలి దుంగ ఎగిరింది, నా చెయ్యి లోపలికి పోయింది. ఆయనే టవలు చుట్టి కారులో నెల్లూరు తీసుకుపోయాడు. దారిలో చెప్పాడు:

"డేవిడ్, మిల్లులో తెగిందంటే కేసవుతాది. మిల్లు మూస్తారు, అందరి కూడూ పోతాది. నువ్వేదో విమానం ఎగరేస్తావంట గదా, ఆ ఫ్యాను తగిలిందని చెప్పు. ఆస్పత్రి నేను చూసుకుంటా, నీ పని నీకుంటాది."

"అది నా అరచెయ్యంత గూడా లేదు సార్. ప్లాస్టిక్‌ది."

"ఎవురు చూసొచ్చినారు? చెప్పు."

డాక్టరు, "ఎంత పెద్ద విమానంరా అది?" అన్నాడు. పెద్దదే సార్ అన్నాను. ఆ ఒక్క మాటతో అందరి కూడూ నిలబడింది. నా నోరే పడిపోయింది.

ఇంటికి వచ్చేసరికి అవ్వ విమానాన్ని పొయ్యిలో పెట్టేసింది. రెక్కలు విరిచి, థర్మాకోల్ తోక, మోటారు, అన్నీ. ఇంటి నిండా నల్ల పొగ. "నా బిడ్డ వేలు తినిందిరా అది. నా చేత్తో తగలబెట్టినా" అనింది. సన్‌బోర్డు అట్ట కోసి, దారంతో కట్టి, కొండ కింద బీడులో ఎన్నోసార్లు కూల్చి మళ్లీ అతికించి ఎగరేసినది అది. నాకు ఎవడూ నేర్పలేదు. అది ఎవరినీ ఏమీ చేయలేదు. ఆ మాట నేను అవ్వకు చెప్పలేక దగ్గుకుంటూ నిలబడ్డాను.

ఇప్పుడు నన్ను మిల్లు గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే లారీ, పోయే లారీ చూడటమే పని. నా జాగాలో నవీన్ అని జలదంకి నుంచి వచ్చినతను తోస్తున్నాడు. పెళ్లయి ఏడాది కాలేదు. మూత మూలనే ఉంది. నేను పోయి చెప్పాను.

"ఆ మూత పెట్టించుకోరా. నా వేలు తీసింది ఈ రంపమే."

నవ్వాడు. "నీది విమానం తీసిందంట గదన్నా. ఊరంతా తెలుసు. మూత పెడితే పని సాగదు."

అమ్మా, నా మాట నాకే అడ్డం పడింది. వాడి చేతుల వైపు చూస్తూ రోజంతా ఆ గేటులో కూర్చుంటున్నాను. ఆదినారాయణ మీద కోపం ఉంది, నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. రేపు లేబర్ ఆఫీసుకు పోతే ఆస్పత్రి కాగితంలో ఫ్యాన్ అనే ఉంది, చెప్పింది నేనే. అయినా పోతాను. గేటు పని పోతుంది. నీకు ముందే చెబుతున్నాను, నువ్వు ఈ ఏడు తిరిగి వద్దామనుకున్నావు, రాలేవేమో. ఇది రాయడానికే నాకు ఇన్ని రోజులు పట్టింది.

నిన్న ఇక్కడిదాకా రాశాక అవ్వకు కూడా చెప్పేశాను. "ఏది కోస్తే ఏందిరా, పోయింది గదా" అనింది. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి బూడిద కెలికింది. ఏం దొరుకుతుంది?

విమానం లేదు. మళ్లీ కడతానో లేదో తెలియదు, ఎడమ చేత్తో సన్‌బోర్డు తిన్నగా తెగడం లేదు. రిమోట్ వద్దని రాద్దామనే అనుకున్నాను. కానీ మోడ్ త్రీ అని ఒకటి ఉంది. అందులో స్ప్రింగు స్టిక్కు ఎడమ వైపుకు వస్తుంది, కుడి వైపు స్పీడుది మాత్రమే. దాన్ని మిగిలిన వేళ్లతో నెట్టొచ్చు. అంగడిలో మోడ్ త్రీ అని అడుగమ్మా. లేదంటే, మోడ్ త్రీకి మార్చుకునే వీలున్నదా అని అడుగు. రెండూ లేవంటే ఉత్త చేతులతో తిరిగి వచ్చెయ్. మోడ్ టూ మాత్రం వద్దు, అది ఇంట్లో ఉంటే పగలగొడతాను.

మోడ్ త్రీ ఎవరూ అడగరు కాబట్టి, పిల్లవాడిది ఎడమ చేతివాటమా అని అంగడివాడు అంటాడు. అవునని చెప్పు. ఈ చెయ్యి గురించి అందరూ చెప్పిన అబద్ధాల్లో అదొక్కటే మనది.

ఇట్లు,
నీ కొడుకు
డేవిడ్‌రాజు