సిద్దమ్మకు రాసిచ్చిన ముందుగది

మెదక్ పట్టణంలో మిషన్ బాలికల పాఠశాల వెనుక వీధిలో నివసించే సువార్తమ్మ అను నేను, కీర్తిశేషులు ప్రకాశం గారి భార్యను, అరవై దాటిన దానను, నా చేతితో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఒంట్లో చక్కెర జబ్బు ఉన్నది, బుద్ధిలో లోపం లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, పక్కన కూర్చుని చెప్పి రాయించడం లేదు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీనిని అమలు జరిపే బాధ్యత నాతో కలిసి పనిచేసిన ప్రభుదాసు మాస్టారు గారికి అప్పగిస్తున్నాను.

1. ఇల్లు నా ఉపాధ్యాయినీ జీతంతో కొన్నది, నా స్వార్జితం. నా భర్త తమ్ముడు మోషేకు గాని, అతని సంతానానికి గాని దీనిలో ఏ హక్కూ లేదు. ముందుగది, వంటిల్లు, వెనుక దొడ్డితో సహా ఇంటిని నా తదనంతరం కుల్చారం దగ్గరి పల్లె నుంచి వచ్చి నా వద్ద ఉంటున్న సిద్దమ్మకు సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. కారణం నాలుగో అంశంలో ఉన్నది.

2. నా భర్త పడక కుర్చీ మోషేకు చెందాలి. ఆ కుర్చీ గురించి కొంత చెప్పాలి. ప్రకాశం గారు ఉన్నప్పుడు అది గోడ నడుమ ఉండేది. తక్కిన కుర్చీలన్నీ ఎదురు గోడకు వరుసగా ఉండేవి. వచ్చినవాళ్లు కచేరీలో పిలుపు కోసం ఎదురుచూసేవాళ్లలా కూర్చునేవారు, ఒకరి ముఖం ఒకరికి కనిపించేది కాదు. ఆయన పోయాక దానిని కిటికీ పక్కకు జరిపాను. పేము కుర్చీలు రెండూ దానికి కొంచెం ఏటవాలుగా, గుండ్రటి మేజా చేతికందేలా పెట్టాను. టేకు బీరువా బరువంతా ఒక పక్కనే ఉండి గది అటే ఒరిగినట్టు అనిపించేది గనుక ఎదురుగా పొడుగు బెంచీ, దాని పక్కన కూర్చోవడానికి వెడల్పాటి చెక్క తఖ్తు వేయించాను. వాకిలి నుంచి వంటింటికి ఎవరి మోకాలూ తగలకుండా నడవవచ్చు. మోషే వచ్చినప్పుడల్లా కుర్చీని మళ్లీ గోడ నడుమకు లాగేవాడు. "అన్న కుర్సీ అన్న పెట్టిన జాగలనే ఉండాలె వదినా" అనేవాడు. అతను వెళ్లాక నేను జరిపేదానిని. ఇకమీదట తన ఇంట్లో తన ఇష్టం వచ్చిన గోడకు వేసుకోవచ్చు.

3. టేకు బీరువా, అందులోని పుస్తకాలు పాఠశాలకు ఇవ్వాలి. తలుపు కింది బందు వదులు. ఎత్తేటప్పుడు తలుపు పట్టుకోరాదు.

4. సిద్దమ్మ గురించి. రజాకార్లు వాళ్ల పల్లె మీద పడిన రోజున ఆమె భర్త ఎల్లయ్యను ఆమె ఎదుటనే చంపారు. ఆమె పట్నానికి వచ్చి పాఠశాలలో వంటకు కుదిరింది, తరువాత నా ఇంట్లోనే ఉండిపోయింది. ముందుగదిలో ఏ కుర్చీ మీదా కూర్చునేది కాదు. "నేను కూసుంటే చూసినోళ్లు ఏమంటరు పంతులమ్మా" అని గడప దగ్గరే ఉండేది.

పోలీసు చర్య అయిన కొన్నాళ్లకు, పొరుగున బట్టలు కుట్టే మహబూబ్ బీ తన కూతురితో మా దొడ్డి తలుపు తట్టింది. ఆమె కొడుకును కొందరు ఈడ్చుకుపోయారు. ఆ పిల్లవాడు ఎవరి జోలికీ పోయినవాడు కాదు. నేను వారిద్దరినీ లోపలికి తీసుకున్నాను. మోషే వచ్చి, "గీళ్లను బయటికి పంపుండ్రి వదినా, మనకెందుకు పరేషాన్" అన్నాడు. పంపలేదు. సిద్దమ్మ పొడుగు బెంచీని గది నడుమకు లాగి, వాళ్ల వైపు వీపు పెట్టి నేల మీద కూర్చున్నది. పూట గడిచినా అన్నం ముట్టలేదు. బెంచీ అక్కడ ఉండగా ఆ గదిలో ఎవరికీ ఊపిరి ఆడలేదు.

మరునాడు కర్రలు పట్టుకుని మనుషులు వచ్చారు. తల్లీకూతుళ్లను వంటింట్లోకి పంపాను. సిద్దమ్మ పడక కుర్చీని ఎత్తి తెచ్చి వాకిలికి అడ్డంగా వేసి, అందులో కూర్చున్నది.

"నా పెనిమిటిని రజాకార్లు సంపిండ్రు. కుల్చారం దిక్కు పోయి అడుగుండ్రి. గసోంటి నేను నా ఇంట్ల తుర్కోళ్లను దాస్తనా? పోండ్రి" అన్నది.

వాళ్లు ఆమె ముఖం చూసి వెళ్లిపోయారు. తరువాత ఎందుకలా చేశావని అడిగాను. "మనిషిని సంపుడు కండ్లార సూసిన పంతులమ్మా. మల్లొకపారి సూడలేను" అన్నది. బెంచీని తానే గోడకు జరిపింది. సిద్దమ్మకూ మహబూబ్ బీకీ మధ్య మాటలు రావడానికి ఇంకా రోజులు పట్టాయి. మొదట మాట్లాడినది మహబూబ్ బీ: "సిద్దమ్మక్కా, రైక చిరిగింది, జర ఇటియ్యి, కుడత." సిద్దమ్మ ఇచ్చింది.

మహబూబ్ బీ కొడుకు తిరిగి రాలేదు. నా ఇల్లు అని సిద్దమ్మ ఆ రోజు అన్న మాటను చట్టప్రకారం నిజం చేయడం నా చేతిలో ఉన్న పని. చేస్తున్నాను.

5. తఖ్తు మహబూబ్ బీకి చెందాలి. ఆమెకు మోకాళ్ల నొప్పి. నేల మీద కూర్చుని లేవలేదు. కుట్టేటప్పుడు వెలుతురు ఎడమ చేతి వైపు నుంచి పడేలా వేయించాలి.

6. పేము కుర్చీలు, మేజా, బెంచీ ఇంటితో పాటే సిద్దమ్మవి. నేను అమర్చినట్టే ఉంచాలని కోరను. పొయ్యిలో పెట్టుకున్నా అభ్యంతరం లేదు.

7. నా శవపేటికను ముందుగదిలో ఉంచాలి. చూడడానికి మహబూబ్ బీ వస్తుంది. ఆమెను వాకిట్లో నిలబెట్టకుండా లోపల కూర్చోబెట్టాలి. బంధువులు గాని, సంఘస్తులు గాని అడ్డుచెబితే, ఎవరిని లోపలికి రానివ్వాలో ఇంటి యజమానురాలైన సిద్దమ్మను అడగమని ప్రభుదాసు మాస్టారు వారికి చెప్పాలి.

పై సంగతులన్నీ రాసి, చదువుకుని, సమ్మతించి దస్తఖతు చేస్తున్నాను.

మెదక్, 1951 మార్చి 12.

(సంతకం) సువార్తమ్మ

సాక్షులు:
నర్సింహ, శివ్వంపేట
ఇంద్రకరణ్, మెదక్