గుర్తులేదన్న అక్క

జూలై 14, ఆదివారం

చిరంజీవి బుడంకాయకి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనని మర్యాదకి రాయొద్దు, కాదని నాకు తెలుసు. కుట్టుమిషన్ మోటారు కాలిపోయింది, నా టైలరింగ్ షాపు రెండు రోజులు మూత. అందుకే ఇంత తీరిగ్గా కూర్చున్నాను.

నువ్వు పనిచేసే కళ్ళద్దాల షాపు ఓనరు ఫోన్ చేశాడు. రేపు మాట్లాడదాం అన్నాడని, ఆ సాయంత్రమే రాజీనామా కాగితం అతని మొహాన కొట్టావట. అద్దాలు బిగించే గదికి నిన్ను పెద్దని చేద్దామనుకున్నాడే తల్లీ! తీసేస్తారేమోనని నువ్వే ముందు పారిపోవడం ఇది నాలుగోసారి. ఆ వెంటనే నాకు ముప్ఫై మెసేజులు. నువ్వు దేవతవి అని ఒకటి, జన్మలో నీ మొహం చూడను అని ఇంకొకటి. ‘దానికి పొగరు’ అని నీ గురించి చుట్టాలంతా అంటుంటే నేనూ తలూపాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

నీ మనసు డాక్టరమ్మ దీన్ని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అందని రాశావు. చిన్నప్పుడు మనసుకి తగిలిన దెబ్బలు అందరిలో ఇలా మారవు గానీ, నీలో వదిలేస్తారన్న భయం అక్కడే మొదలై ఉంటుందని చెప్పిందట. నువ్వెళ్ళి నాన్నని అడిగితే అలాంటిదేమీ జరగలేదు, అంతా నీ కల్పన అన్నాడు. ఆ రోజు నుంచి వైద్యం మానేశావు. నేనే కథలల్లుతున్నానా అక్కా, నీకేమైనా గుర్తుందా అని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ గుర్తులేదన్నాను.

గుర్తుంది. పాలు ఒలికినా, కాస్త గట్టిగా ఏడ్చినా, నాన్న నీ గౌన్లు సంచీలో కుక్కి, దాన్ని నీ మెడలో వేసి, ఈ ఇంట్లో నీకు చోటులేదు పొమ్మని బయట మెట్ల మీద నిలబెట్టేవాడు. నీకు ఐదేళ్ళు, నాకు పదకొండు. తలుపు కింద సందులోంచి నీ వేళ్ళు కనిపించేవి. ఇంక ఏడవను, మంచిగా ఉంటాను అంటూనే ఏడ్చేదానివి. ఒకసారి కాదు, రెండేళ్ళు. మిల్లు నుంచి అమ్మ వచ్చేసరికి అంతా మామూలే.

ఇందులో కల్పన ఒక్క ముక్క లేదు. నిన్న నాన్న ఎదురుగా కూర్చుని ఇదే చెప్పాను. కంచం విసిరాడు. విసురుకోనీ, నాకేం భయం! ఈ నెల 23, మంగళవారం పదింటికి నీ డాక్టరమ్మ దగ్గర ఉంటాను. నువ్వూ రావాలి. రాకపోతే మీ ఇంటికొచ్చి లాక్కెళ్తాను.

ఇట్లు,
నీ మొండి అక్క

తా.క.: పైన సగమే రాశాను. పది నిమిషాలాగి తలుపు తియ్యమని నాతో చెప్పి నాన్న పడుకునేవాడు, రాత్రి డ్యూటీ కదా. ఆ తలుపు తియ్యకుండా ఉన్నది నేను. నువ్వు పుట్టాక అమ్మ నన్ను దగ్గరికి తీసుకోవట్లేదని కుళ్ళు. అమ్మ వచ్చే వేళ చూసుకుని తీసేదాన్ని. నాన్న చేసింది తప్పే, అది ఎక్కడికీ పోదు. నువ్వు మెట్ల మీద నిలబడ్డ ఆ గంటలు మాత్రం నా పాపమే. మంగళవారం డాక్టరమ్మ ముందు ఇది కూడా నా నోటితోనే చెబుతాను. తిట్టు, కొట్టు, నేను మాత్రం కుర్చీలోంచి లేవను.